నోరు లేని చుట్టం

ఆరుద్ర కార్తె. అమావాస్య ముందటి రాత్రి.
మోరపెంటలో కరెంటు లేదు.
అందుకే వచ్చాం ఇంత దూరం,
మన్ననూరు గేటు దగ్గర సంతకాలు పెట్టి,
జీపులో జనరేటరు, ఐదు లీటర్ల పెట్రోలు,
బియ్యం కంటే ముందు
పాత స్వెటర్లో చుట్టి సర్దుకున్న ఊదా బల్బు.

రెండు ఎగిస చెట్లకు తాడు లాగి
దుప్పటి ఆరేశాను.
సబ్బుపొడితో మూడుసార్లు ఉతికిన దుప్పటి.
ఆ పొడిలో ఏదో తళుకుంటుంది,
మనకది ఉత్త తెలుపు,
చిమ్మటలకు, నేల మీదికి దిగిన చంద్రుడు.

జనరేటరు నాలుగుసార్లు దగ్గి అందుకుంది.
ముందొచ్చింది పురుగులు కాదు, పిల్లలు.
ఆశ్రమ పాఠశాల చొక్కాలు నీలంగా మండుతూ,
పళ్ళు మండుతూ.
చీకట్లో మనిషి లేడు, నవ్వొక్కటే నడిచొస్తోంది.
బయ్యన్న అనేవాడు నా చేతి టార్చీ లాక్కుని
రాయి పక్కకు దొర్లించి కేక పెట్టాడు:
తేలు!
పచ్చగా, లోపల ఎవరో ఒత్తి వెలిగించినట్టు.
రోజూ వాళ్ళ గడప పక్కన తిరిగేదే.

చిగుర్ల ఈదమ్మ దూరంగా కూర్చుంది.
ఆమె చీరకు మా వెలుగు అంటలేదు.
వాగు నీళ్ళూ బూడిదా తప్ప
ఆ చీరకు వేరే ఉతుకు తెలియదు.
చుట్ట కొసన ఎర్రటి చుక్క, అంతే ఈదమ్మ.
"కరెంటొస్తదని సారు మూడేండ్ల సంది చెప్తుండు.
వచ్చింది. పురుగులకా?"

నోటుబుక్కు తెరిచాను.
ఈ ప్రశ్న రాసుకునే గడి అందులో లేదు.

ఎనిమిదిన్నర: ఉసిళ్ళు. పిల్లలు దోసిళ్ళకొద్దీ ఏరుకున్నారు, వేయించుకోవడానికి.
తొమ్మిది: వడ్లగింజంతవి, లెక్క తప్పేన్ని.
పదిన్నర: ఎవరో విసిరిన రాళ్ళలా వచ్చి
దుప్పటిని గుద్దుకునేవి రెండు, బొద్దువి.
దుప్పటి అంచున గొల్లభామ
పిలవని పెళ్ళిలో మొదటి బంతికే కూర్చుంది.
నా సీసా మూతలో దూది,
దూదిలో మందు, మాగిన పండు వాసన.
నలభై రెండు.

పిల్లలు ఎక్కడివాళ్ళక్కడే నిద్రపోయారు.
ఒంటిగంట దాటాక అది వచ్చింది.
అరచెయ్యంత. ఎండిన మోదుగాకు రంగు.
రెక్కకో కిటికీ,
కిటికీలోంచి అవతలి దుప్పటి కనబడుతోంది.

ఈదమ్మ లేచి దగ్గరికొచ్చింది.
"ఇది నల్లమద్దికి కాయలెక్క యాలాడుతది.
కాయ పగిలి ఇట్లయితది. ఏం తింటది బిడ్డా?"
ఏమీ తినదమ్మా. దీనికి నోరు లేదు.
పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే తిండి.
ఇక ఆరేడు రాత్రులు, గుడ్లు పెట్టి పోతుంది.

ఆమె చుట్ట నోట్లోంచి తీసింది.
"నోరు లేని చుట్టాన్ని పిలుస్తివి.
ఉన్నయే ఆరు రాత్రులు.
అండ్ల ఒకటి నీ బట్టకు అతికించుకుంటివి."

సీసా నా చేతిలోనే ఉంది. మూత కూడా తీసే ఉంది.
ఏం చేయాలో తేలకముందే పెట్రోలు అయిపోయింది.
దయ అని ఎవరైనా అంటే ఒప్పుకోను,
ఐదు లీటర్లు, అంతే.

తెల్లారేసరికి అది లేదు.
దుప్పటి మీద, మూల మడతలో,
వరసగా పదకొండు గుడ్లు, జొన్నగింజలంత.
గుడ్డ తిని బతికే పిల్లలు కావు అవి.
ఈదమ్మ ఏమీ అనలేదు, కొడవలి చాపింది.
జానెడు ముక్క కోసి
నల్లమద్ది కొమ్మకు ముడేసింది,
మొక్కుకున్న వాళ్ళు కట్టినట్టు కాదు,
పిల్లాడి వేలికి గాయం కట్టినట్టు.

రిజిస్టరులో రాశాను:
నలభై మూడు, చూశాం, పట్టలేదు.
దుప్పటి ఒకటి, చిరిగినది.

జీపు మన్ననూరు పోయి పెట్రోలు తెచ్చింది.
ఆ రాత్రీ అదే దుప్పటి కట్టాం.
బల్బు వెలిగింది. తెల్లటి చంద్రుడిలో
జానెడు కంత.
వంగి అందులోంచి చూశాను.
మోరపెంట అవతలే ఉంది,
పదిహేను గుడిసెలు, ఈదమ్మ,
వేయించిన ఉసిళ్ళ వాసన.
ఏమీ కనబడలేదు.